హనుమ తెచ్చిన కబురు, మనం పంపే కబురు

(హనుమజ్జయంతి సందర్భంగా జంగారెడ్డిగూడెంలో జరిగిన సత్సంగ సభలో విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులొకరు చేసిన ప్రసంగ పాఠం)



నేను పండితుడను కాను. ముప్పై నాలుగు సంవత్సరాలు ఉన్నత పాఠశాలల్లో తెలుగు బోధించిన ఉపాధ్యాయుడను. ఈనాడు నాలుగు మాటలు చెప్పమని ట్రస్టువారు అడిగినప్పుడు, సుందరకాండను గూర్చి చెప్పడానికి నాకంటె యోగ్యులు ఈ సభలోనే ఎందరో ఉన్నారని మనవి చేశాను. "అయితే మీరు కాశీలో వదిలిన దానిని గూర్చి చెప్పండి మాస్టారూ" అన్నారు. మొదట సిగ్గుపడ్డాను. సిగ్గుపడవలసిన విషయాన్ని స్వామి సన్నిధిలో కాక మరెక్కడ చెప్పుకుంటామని తరువాత ఒప్పుకొన్నాను.

కాశీలో వదిలినది

కాశీయాత్ర చేసినవారు తమకు ప్రీతికరమైన కాయనో పండునో అక్కడ వదిలిరావడం మన పెద్దలు పెట్టిన ఆచారం. ఇష్టమైనదే వదలాలన్నది నియమం. ఆచరణలో మనం ఎంత తెలివైనవారమో మీకు తెలియనిది కాదు. కాకరకాయ వదిలినవారిని ఎందరినో చూశాను గాని, మామిడిపండు వదిలినవారిని గోదావరి జిల్లాల్లో ఇద్దరు ముగ్గురిని మించి చూడలేదు.

2022 కార్తికమాసంలో బంధువులమంతా కలసి తాడేపల్లిగూడెంలో రైలెక్కి కాశీ వెళ్ళాము. మా బావగారు పొట్లకాయ వదిలారు. ఆయన పొట్లకాయ తినగా నేనెన్నడూ చూడలేదు. నా వంతు వచ్చింది. సీతాఫలం వదులుదామని నోరు తెరవబోతుండగా నా భార్య మెల్లగా, "ఏమండీ, మీకు అన్నిటికన్నా ఇష్టమైనది మీ జేబులో ఉన్నది కదా" అన్నది.

నేను నవ్వి ఊరుకోబోయాను. కాని ముందురోజు సాయంత్రం గంగాహారతి జరిగినప్పుడు నేను ఏమి చేశానో గుర్తుకు వచ్చింది. పడవలో ముందు వరుసలో కూర్చొని కూడా ఆ హారతిని నేను కళ్ళారా చూడలేదు. ఫోను పైకెత్తి, దాని తెరమీద చూశాను. దీపాలు ఆరకముందే ఆ దృశ్యాన్ని ఇరవై మూడు వాట్సాప్ గ్రూపులకు పంపాను. రాత్రి పదకొండు గంటల వరకు ఎవరెవరు నమస్కారం పెట్టారో లెక్కపెట్టుకున్నాను. జీవితంలో ఒక్కసారి లభించిన దర్శనం నాకు ఆ లెక్కగా మిగిలింది.

ఆ ఉదయం గంగలో మునిగి వాట్సాప్ గ్రూపులను, ఫేస్‌బుక్‌ను వదులుతున్నానని సంకల్పం చెప్పుకున్నాను. అయితే నా భార్య మాట ఒక్కటే దీనికి కారణం కాదు. దాని వెనుక రెండేళ్ళనాటి ఒక దోషం ఉన్నది. అది మీ ముందు చెప్పడానికే వచ్చాను.

ఏలూరులో ఆ డిసెంబరు

2020 డిసెంబరు 5వ తేదీని ఏలూరు వాసులు మరచిపోలేరు. అప్పటికి మా కుటుంబం అక్కడే ఉండేది. వన్‌టౌన్ ప్రాంతంలో ఆ సాయంత్రం నుండి పిల్లలూ పెద్దలూ ఉన్నట్టుండి మూర్ఛవచ్చి పడిపోసాగారు. ప్రభుత్వాసుపత్రి నిండిపోయింది. ఒకరు మరణించారు. కొద్దిరోజుల్లో బాధితుల సంఖ్య ఐదు వందలు దాటింది. అసలే కరోనా భయంలో ఉన్న పట్టణం. ఢిల్లీ నుండి, హైదరాబాదు నుండి శాస్త్రజ్ఞుల బృందాలు వచ్చి నీటిని, పాలను, కూరగాయలను, రోగుల రక్తాన్ని పరీక్షకు తీసుకొనిపోయాయి.

వారు పరీక్షలు పూర్తి చేయకముందే మా ఫోన్లలో నిర్ధారణలు పూర్తయినాయి. దోమలమందు వల్ల అని ఒకరు, బ్లీచింగ్ పొడి వల్ల అని ఒకరు, కొత్త వైరస్ అని మరొకరు. మూడవనాటి ఉదయం నాకొక సందేశం చేరింది. మా పేటల్లో తిరిగే ఒక ఆటోను, దాని రంగును, అది వచ్చే వేళను చెప్పి, ఆ ఆటోలోని మంచినీళ్ళ టిన్నులు తాగినవారికే జబ్బు వస్తున్నదని అందులో ఉన్నది. ఎవరు వ్రాశారో లేదు. ఎవరు చూశారో లేదు. నేను దానికి 'జాగ్రత్త' అని ఒక మాట చేర్చి మూడు గ్రూపులకు పంపాను. నలుగురికీ మేలు చేశాననే తృప్తితో కాఫీ తాగాను.

ఆ ఆటో నాకు తెలియనిది కాదు. ఆ యువకుడు రెండు సంవత్సరాలుగా మా మూడవ అంతస్తుకు టిన్ను భుజానపెట్టుకొని మోసుకువచ్చేవాడు. నా మోకాళ్ళ నొప్పి చూసి, పాత టిన్ను తానే లోపలినుండి తెచ్చుకొని పోయేవాడు. అతడు పోసిన నీళ్ళే మా ఇంట్లో అందరం తాగాము. మాకెవరికీ ఏమీ కాలేదు. ఈ సంగతి, భక్తులారా, సందేశం పంపే క్షణంలో నాకు తోచలేదు. మా ఇంటి బిందె చెబుతున్న సాక్ష్యంకన్నా ముఖం తెలియని వాని మాట నాకు ప్రమాణమైపోయింది.

రెండు రోజుల్లో మా వీధిలో అతని వద్ద టిన్ను తీసుకొనేవారు లేకపోయారు. ఆటోకు అడ్డంగా నిలబడి ఒకరు ఫోటో తీశారు. తరువాత అతడు రావడం మానేశాడు. శాస్త్రజ్ఞులు రోగుల రక్తంలో సీసం, నికెల్ లోహాల జాడలు కనబడినాయని చెప్పారు. ఆ యువకుని టిన్నుల గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు; చెప్పడానికి అందులో ఏమీ లేదు.

నన్నెవరూ తప్పుపట్టలేదు. అసలు ప్రమాదం అక్కడే ఉన్నది. అదే మాటను నేను వీధి అరుగుమీద కూర్చొని అని ఉంటే, "మాస్టారూ, మీరు చూశారా?" అని ఎవరో ఒకరు అడిగి ఉండేవారు. నా నోరు మూతపడేది. మరునాడు ఆ యువకుడే వచ్చి నా ముఖం చూసి నిలదీసేవాడు. ఫోనులో మాట అనేవాడు ఎవరికీ ఎదురుపడనవసరం లేదు. చేయి జాడించుకొని వెళ్ళిపోవచ్చు. నేనూ అదే చేశాను. 2021లో పదవీ విరమణ పొంది, స్వస్థలమైన జంగారెడ్డిగూడెం వచ్చేశాను.

దూత ధర్మం

మనకు కూతవేటు దూరంలో, గుర్వాయిగూడెంలో ఎర్రకాలువ ఒడ్డున మద్దిచెట్టు నీడన వెలసిన ఆంజనేయస్వామిని మంగళవారం నాడు ఎన్ని వేలమంది దర్శించుకుంటారో మీకు తెలుసు. స్వామిని మనం బలానికి, ధైర్యానికి కొలుస్తాము. స్వామి ప్రధానంగా దూత అన్న సంగతి ఒక్కొక్కప్పుడు మరుస్తాము. రామాయణంలో స్వామికి అప్పగించిన పని ఒక కబురు తీసుకొనిపోవడం, ఒక కబురు తీసుకొనిరావడం. ఈనాడు మనమంతా చేస్తున్న పని కూడా అదే. కాబట్టి ఆయన ఎలా చేశారో చూద్దాము.

లంకలో రావణుని అంతఃపురంలో సీతాదేవిని వెదకుతూ హనుమ మండోదరిని చూశాడు. ఆమె సౌందర్యాన్ని, ఆభరణాలను చూసి ఈమెయే సీత అనుకున్నాడు. ఆనందం పట్టలేక గంతులు వేశాడు, స్తంభాలెక్కాడు, తోక ముద్దుపెట్టుకున్నాడు. వాల్మీకి మహర్షి ఈ ఘట్టాన్ని దాచకుండా వ్రాశారు. హనుమంతునికే తప్పుడు కబురు నిజమనిపించింది! ఆ క్షణంలో సముద్రం దాటి వచ్చి 'సీతను చూశాను, రావణుని శయనాగారంలో సుఖంగా నిద్రిస్తున్నది' అని చెప్పి ఉంటే రాముని గతి ఏమి? రామాయణం గతి ఏమి?

స్వామి అలా చేయలేదు. సంతోషాన్ని పక్కనపెట్టి ఆలోచించాడు. రాముని ఎడబాసిన సీతమ్మ ఇలా అలంకరించుకొని నిద్రించునా అని తనను తాను ప్రశ్నించుకున్నాడు. పొరపాటు గ్రహించి మళ్ళీ వెదకడం మొదలుపెట్టాడు. అశోకవనంలో తల్లిని చూసిన తరువాత కూడా తొందరపడలేదు. చెట్టుకొమ్మల చాటున దాగి, జరిగినదంతా చూసి, ఆమె మాటలు విని నిశ్చయించుకున్నాడు. గుర్తుగా రాముని ఉంగరం ఇచ్చాడు. గుర్తుగా చూడామణి తీసుకున్నాడు. తిరిగి వచ్చి రామునికి చెప్పినప్పుడు, 'చూశాను' అన్న మాటను ముందు పలికాడు. విన్నాననలేదు, అంటున్నారనలేదు.

ఇంకొక ఘట్టం నన్ను ఎక్కువగా కదిలిస్తుంది. లంకను కాల్చిన తరువాత హనుమ సముద్రంలో తోక చల్లార్చుకొని వెనక్కి చూశాడు. ఒక్కసారిగా గుండె జారిపోయింది. కోపంలో ఊరంతా తగులబెట్టాను, అందులో సీతమ్మ కూడా ఉన్నది కదా అని తలపట్టుకున్నాడు. తనను తాను నిందించుకున్నాడు. ఆకాశంలో చారణులు, లంక తగులబడినా సీతకు ఏమీ కాలేదని మాట్లాడుకోవడం విన్నాడు. అంతటితో ఊరట చెంది వెళ్ళిపోవచ్చు. కాని వెళ్ళలేదు. మళ్ళీ అశోకవనానికి పోయి, తల్లిని కళ్ళారా చూసి, ఆ తరువాతనే సముద్రం దాటాడు.

నిప్పు పెట్టిన తరువాత ఎవరికి తగిలిందోనని తిరిగి వెళ్ళి చూసినవాడు హనుమ. నేను నిప్పుపెట్టి ఏలూరు నుండి జంగారెడ్డిగూడెం వచ్చి, ప్రతి మంగళవారం ఆయన చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నాను. కాశీలో నా భార్య అన్న మాట విన్నప్పుడు నాకు తగిలిన దెబ్బ ఇది.

మేత సంచి

మనం అంతగా ఈ ఫోనుకు ఎందుకు లోబడ్డాము? ఈ ప్రశ్నను కొంచెం విచారించుకోవాలి. వదలమని చెప్పడం తేలిక. దేనికోసం పట్టుకున్నామో తెలియకుండా వదలితే నాలుగు రోజుల్లో మళ్ళీ పట్టుకుంటాము.

మనం కొల్లేటి దిగువనుండి వచ్చే చేపల లారీలు నిత్యం చూసేవారము. కైకలూరు వైపు చేపల చెరువులను ఒకసారి గమనించండి. చెరువులో వరుసగా కర్రలు పాతి, అడుగున చిల్లులు పెట్టిన సంచులలో తవుడు, చెక్క నింపి నీటిలో వ్రేలాడదీస్తారు. వేళకు చేపలు సంచి దగ్గరకు తామే వచ్చి, చిల్లులగుండా మేత లాక్కొని తింటాయి. ఎవరూ తరమరు, ఎవరూ వల వేయరు. మేతకు చేప పైసా చెల్లించదు. కాటాకు ఎక్కేది మాత్రం అదే.

ఫేస్‌బుక్ మన వద్ద రుసుము తీసుకోదు. మన చూపును, మన కాలాన్ని ప్రకటనలిచ్చేవారికి అమ్ముకొని బ్రతుకుతుంది. మనం ఎంతసేపు చూస్తే దానికి అంత లాభం. అందువల్ల మనను శాంతింపజేసేదానికన్నా మనను రెచ్చగొట్టేదే సంచిలో ఎక్కువగా ఉంటుంది. దీనిలో నాకు ఏ కుట్రా కనబడదు. చెరువు పెంచేవాని లెక్క ఇంతే.

రెండవ సంగతి. మన హరికథకు మంగళం ఉన్నది. పురాణ ప్రవచనానికి ఫలశ్రుతి ఉన్నది. దేవాలయంలో కూడా రాత్రి ఏకాంతసేవ చేసి తలుపులు మూస్తారు. స్వామికైనా పవళింపు ఉన్నది. పుస్తకానికి చివరి పుట ఉన్నది. ఫోనులో వేలితో పైకి నెట్టినకొద్దీ పుట అంతం కాదు. 2006 ప్రాంతంలో ఈ అంతులేని పుటను రూపొందించిన అజా రాస్కిన్ అనే అమెరికా నిపుణుడు, దాని వల్ల మనుషులు పోగొట్టుకుంటున్న కాలాన్ని తలచుకొని తరువాత పశ్చాత్తాపం ప్రకటించాడు. చేసినవాడే చింతించిన పనికి మనం మంగళం పాడుకోలేకపోతున్నాము.

మూడవది మన దాతలకు, నాకు కూడా సంబంధించినది. సముద్రం దాటుతున్న హనుమను సింహిక అనే రాక్షసి పట్టుకున్నది. ఎలా పట్టుకున్నది? శరీరాన్ని తాకలేదు. నీటిమీద పడిన నీడను పట్టుకొని లాగింది. నీడ చిక్కితే మనిషి చిక్కినట్లే. మనం చేసిన దానం ఫోటోగా మారి ఫోనులోకి పోయినప్పుడు మన నీడ అక్కడ పడుతుంది. ఎందరు చూశారు, ఎవరు చూసి కూడా మెచ్చుకోలేదు అన్న విచారం మొదలవుతుంది. గుమ్మడికాయలో నాణెం దాచి దానమిచ్చే గుప్తదాన సంప్రదాయం మనది. ఇచ్చినదేమిటో పుచ్చుకున్నవానికి కూడా అప్పుడే తెలియనివ్వని ధర్మం అది. నేను పోయిన సంవత్సరం అన్నదానానికి ఇచ్చింది చాలా చిన్న మొత్తం. ఫోటో లేకుండా ఇవ్వడానికి నా మనస్సు ఎంత పెనుగులాడిందో స్వామికే తెలుసు.

వదిలిన తరువాత

వదిలిన వెంటనే శాంతి లభించిందని చెబితే అది అబద్ధం. మొదటి పదిహేను రోజులు చేయి తనంత తానే జేబులోకి పోయేది. నిద్రలేస్తూనే కళ్ళద్దాలకన్నా ముందు ఫోను వెదకేవాడిని. నష్టం కూడా జరిగింది. నాతో పన్నెండేళ్ళు ఒకే బడిలో పనిచేసిన మిత్రుడు తాడేపల్లిగూడెంలో కాలం చేశారు. ఆ వార్త మా ఉపాధ్యాయుల గ్రూపులో పెట్టారు. అందులో నేను లేను. నాకు తొమ్మిదవనాడు తెలిసింది. పరుగున వెళితే వారి అబ్బాయి, "అందరికీ పెట్టాము కదండీ, మీరు చూడలేదేమో అనుకున్నాము" అన్నాడు. ఏమని చెప్పను? తల వంచుకున్నాను.

ఆ రోజు నాకొక సంగతి బోధపడింది. మనం ఆ గ్రూపులలో చేరింది కోట్లాటలకోసం కాదు. మనవాళ్ళెవరో ఎలా ఉన్నారో తెలుసుకోవాలని, మన కష్టం ఒకరికి తెలియాలని చేరాము. ఆ ఆకలి నిజమైనది, ధర్మమైనది. దానిని చంపుకోకూడదు. దానికి తగిన అన్నం వేరే వండుకోవాలి. ఇంటికి వచ్చి ఒక పాత నోటుపుస్తకంలో నలభై పేర్లు, వారి ఫోను నంబర్లు వ్రాసుకున్నాను. ప్రతి ఆదివారం అందులో నలుగురితో మాట్లాడుతాను. పది వారాలకు ఒక చుట్టు పూర్తవుతుంది. ఇరవై మూడు గ్రూపులలో పన్నెండు వందల మందితో ఉన్నప్పుడు నాకు తెలియని వారి బాగోగులు ఈ నలభై మందివి నాకు తెలుస్తున్నాయి.

రచ్చబండ

ఈ సంగతి డల్లాస్‌లో ఉన్న నా పూర్వ విద్యార్థితో చెప్పినప్పుడు అతడొక చరిత్ర వినిపించాడు. ఫేస్‌బుక్ పుట్టకముందే అమెరికాలోని తెలుగువారు కంప్యూటర్ల మీద చిన్న చిన్న చర్చావేదికలు ఏర్పరచుకున్నారు. అప్పటికి కంప్యూటరులో తెలుగు అక్షరాలు లేవు. రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు పద్యం తప్పులేకుండా వ్రాసే పద్ధతి ఒకటి కల్పించారు. సాహిత్యం మాట్లాడుకొనే ఒక వేదికకు 'రచ్చబండ' అని పేరు పెట్టుకున్నారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో కూడా, వ్రాసేవారందరూ కూడి మంచిచెడ్డలు తేల్చుకొనే పుట పేరు రచ్చబండయే. సముద్రాలు దాటిపోయినా, కలసి కూర్చొనే చోటుకు మనవాళ్ళకు తోచిన పేరు ఊరి మధ్య రావిచెట్టు క్రింది బండ!

అక్కడ ఏమి ఉండేదని అడిగాను. "ఒక్కటే విషయం మాట్లాడేవాళ్ళం మాస్టారూ. ఎవరేమి వ్రాస్తారో అందరికీ తెలుసు. ఎవరైనా హద్దు మీరితే పెద్దవారొకరు ఆపేవారు. ప్రశ్న అడిగితే తెలిసినవారు వారం తరువాతైనా జవాబు చెప్పేవారు. మేత సంచి లేదు" అన్నాడు, నా ఉపమానాన్నే నాకు అప్పగిస్తూ. అటువంటి వేదికలెన్నిటికో నిలయమైన యాహూ గ్రూపులు 2020 డిసెంబరు 15న మూతబడినాయట. ఏలూరులో మేము పుకార్లు పంచుకుంటున్న నెలలోనే ఆ బండలు నేలమట్టమైనాయన్న మాట.

కాబట్టి దోషం యంత్రంలో ఉన్నదని నేననను. మాట్లాడేవారు ఒకరికొకరు తెలియడం, మాటకు పూచీ ఉండటం, తప్పు మాటను ఆపే పెద్ద ఒకరుండటం, ఈ మూడూ ఉన్నచోటు సమూహం. అవి లేనిచోటు గుంపు. గుంపులో నావంటి మంచివాడు కూడా చెడ్డపని చేస్తాడు.

2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో పుకార్లు వ్యాపించి మన తెలుగు రాష్ట్రాలలో కూడా అమాయకులు దెబ్బలు తిన్నారు, ప్రాణాలు కోల్పోయారు. జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరిగారు దీనికి విరుగుడుగా ఏమి చేశారో తెలుసా? ఊరికొక పోలీసును నియమించి, డప్పులతో పాటలతో గ్రామాలలో జనాన్ని కూర్చోబెట్టి, ఎదురెదురుగా నిజం చెప్పించారు. అదే సంవత్సరం వాట్సాప్ సంస్థ కూడా మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుగురికి లేక ఐదు గ్రూపులకు మించి పంపకుండా కట్టడి చేసింది. ఫోనులో పుట్టిన భయానికి మందు ఊరి నడుమ దొరికింది.

మన ఊళ్ళో కూడా చిన్న ప్రయత్నం జరుగుతున్నది. ప్రతి ఏకాదశి సాయంత్రం తొమ్మిది మందిమి ఆలయ మండపంలో కూర్చొని భాగవతం చదువుకుంటున్నాము. పొగాకు రైతు ఒకరు, పామాయిల్ తోట వేసినవారొకరు, దర్జీ ఒకరు, ఇద్దరు గృహిణులు, మిగిలినవారం విశ్రాంత ఉద్యోగులం. రాజకీయాల్లో మాకు పొత్తు కుదరదు. కుదరవలసిన పని కూడా లేదు. ఎవరైనా రాకపోతే మరునాడు వారి ఇంటికి వెళ్ళి చూస్తాము. గత శ్రావణంలో దర్జీ సోదరునికి జ్వరమని తెలిసింది అలాగే. ఎనిమిదిన్నరకు మంగళం పాడి లేస్తాము. స్థలం ఇంకా ఉన్నది, రండి.

తిరిగి వెళ్ళి చూడటం

కాశీనుండి వచ్చిన నెలలోపే నేను ఏలూరు వెళ్ళాను. ఆ యువకుణ్ణి కనుగొనడానికి రెండు రోజులు పట్టింది. ఇప్పుడు నీళ్ళ టిన్నులు వేయడం లేదు. అదే ఆటోకు మనుషులను ఎక్కించుకుంటున్నాడు. నన్ను గుర్తుపట్టి, "మోకాళ్ళు ఎలా ఉన్నాయి మాస్టారూ?" అని అడిగాడు. నేను చేసినది చెప్పాను. కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ రెండు నెలలు ఆటో వాయిదా కట్టలేకపోయానండి. మా ఆవిడ నల్లపూసలు తాకట్టు పెట్టాము. తరువాత విడిపించుకున్నాములెండి" అన్నాడు. క్షమించానని అతడు అనలేదు. అనమని అడిగే అర్హత నాకు లేదు. సందేశం పంపిన మూడు గ్రూపులలో ఉన్నవారికి నేనే ఫోను చేసి, అది అబద్ధమని, పంపింది నేనని చెప్పాను. చాలామందికి ఆ సందేశమే గుర్తులేదు. అతని ఇంట్లో మాత్రం గుర్తున్నది.

భక్తులారా, గీతాచార్యుడు పదిహేడవ అధ్యాయంలో వాక్కును కూడా తపస్సుగా చెప్పాడు. ఎదుటివారిని కలవరపెట్టకుండా, సత్యంగా, ప్రియంగా, హితంగా పలకడమే ఆ తపస్సు. వేలితో పలికే మాటకు కూడా ఇది వర్తిస్తుందని నా విన్నపం.

అందరూ అన్నీ వదలమని నేను కోరను. చదువులకు, వ్యాపారాలకు, దూరదేశాల్లోని బిడ్డలకు ఫోను కావాలి. సముద్రం మధ్య మైనాకుడు లేచి విశ్రమించమని ప్రేమతో పిలిచినప్పుడు హనుమ అతనిని తిరస్కరించలేదు. చేతితో తాకి గౌరవించి ముందుకు సాగిపోయాడు. ఫోనుతో మనకు అంత సంబంధం చాలు.

రానున్న చాతుర్మాస్యంలో శాకవ్రతం పట్టేవారు మీలో ఎందరో ఉన్నారు. కూరలు, పెరుగు, పాలు, పప్పులు నెలకొకటిగా వదిలే ఆ నాలుగు నెలలు, దానితోపాటు మూడు చిన్న నియమాలు కూడా పాటించమని కోరుతున్నాను. స్వయంగా చూడనిది, చూసినవారి పేరు తెలియనిది ఎవరికీ పంపవద్దు. దర్శనానికి వచ్చినప్పుడు స్వామిని ముందు కళ్ళతో చూడండి. ప్రతి వారం ఒక్కరికైనా ఫోను చేసి, లేదా వారి గుమ్మం ఎక్కి, ఎలా ఉన్నారని అడగండి. ఇదివరకే పొరపాటున నిప్పు అంటించినవారు ఎవరైనా ఉంటే, నావలె రెండేళ్ళు ఆలస్యం చేయక, ఈ వారమే తిరిగి వెళ్ళి చూడండి.

 అన్నప్రసాదానికి వేళయినది. ఈ ప్రసంగానికి కూడా మంగళం పలుకుతున్నాను.

స్వస్తి.